జకార్డు

ధర్మవరమున పట్టుచీరలు నేయు మగ్గములను చూచినవారికి, మగ్గముపై నొక పెట్టెయు, దాని నుండి దండవలె వ్రేలాడు రంధ్రముల అట్టలును కనబడును. హిందూపురము, పెనుకొండ ప్రాంతములందలి పట్టుమగ్గములపైనను అట్టి పెట్టెలు కలవు. నేతగాండ్రు దానిని జకార్డు అందురు. అది యొక మనుష్యుని పేరు.

జోసెఫ్ మేరీ జకార్డు 1752వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమునందలి లియాన్ నగరమున జన్మించెను. తండ్రి పట్టు నేయువాడు. ఆ కాలమున బట్టపై పూలు, లతలు తీర్చుటకు నేతగా డొక్కడు చాలడు. ప్రతి పేకకును ఏయే పడుగు పోగులు లేవవలెనో, వాని త్రాళ్లను వేరొకరు లాగుచుండవలెను. ఆ పని తరచుగా బాలుర పాలబడెడిది. దినమంతయు త్రాళ్లు లాగి వారు అలసి సొలసెడివారు. ఒక్క త్రాడు తప్పినను పువ్వు చెడును.

తండ్రి మరణించిన పిమ్మట సంక్రమించిన ఆస్తి జకార్డు చేత నిలువలేదు. ఫ్రెంచి విప్లవకాలపు యుద్ధములలో కుమారుడును మరణించెను. ఇన్ని కష్టములు కలిగినను అతడు మగ్గమును గూర్చిన ఆలోచన మానలేదు. తాను సవరించిన మగ్గమునకు 1801లో పారిస్ ప్రదర్శనమున పతకము పొందెను. పిదప వోకాన్సన్ మొదలగు పూర్వులు నిర్మించిన మగ్గములలోని మేలును గ్రహించి, 1804 ప్రాంతమున తన యంత్రమును రూపొందించెను.

అందలి ఉపాయము సులభమైనది. ఒక్కొక్క పేకకు ఒక్కొక్క అట్ట ఉండును. అట్టలో రంధ్రమున్నచోట సూది లోనికి చొచ్చును. దానికి తగిలిన కొక్కెము లేచి పోగు నెత్తును. రంధ్రము లేనిచోట సూది వెనుకకు నెట్టబడును, పోగు కదలదు.

త్రాళ్లు లాగువారి శ్రమ తీరెను గాని, వారి కూలియు పోయెను. తమ జీవనము చెడునని భయపడి లియాన్ పనివారు జకార్డును ద్వేషించిరి. యంత్రములను ధ్వంసము చేసిరి. ప్రభుత్వము ఆ యంత్రమును ప్రజల సొత్తుగా ప్రకటించి, అతనికి భరణ మేర్పరచెను. క్రమముగా పనివారే దానిని స్వీకరించిరి. జకార్డు 1834లో మరణించెను. 1840లో లియాన్ నగరమున అతని విగ్రహము వెలసెను.

ఇంగ్లండునందు ఛార్లెస్ బాబేజి తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఈ అట్టల పద్ధతినే ఎన్నుకొనెను. నూలు అల్లు యంత్రములందును ఏ సూది ఏ రంగు నూలును అందుకొనవలెనో ఇట్టి అట్టలే తెలిపెడివి. నేడు ఆ పనిని కంప్యూటరు చేయుచున్నది. వస్త్రముల రూపకల్పన నేర్చు విద్యార్థులు కంప్యూటరు తెరపై గడులు నింపి, హంసలను, మామిడి పిందెలను తీర్చుచున్నారు.

లియాన్ పనివారి భయము నేడు మరమగ్గములను చూచి చేతిమగ్గమువారికిని కలుగుచున్నది. అది నిరాధారము కాదు. పోగును యంత్రము లేపగలదు. ఏ పోగు లేవవలెనో నిర్ణయించు బుద్ధి మాత్రము మనుష్యునిదే. ఆ బుద్ధికి తగిన కూలి దొరకుచున్నదా యని ప్రతి తరమువారును విచారింపవలసియున్నది.