పాట్రిక్ రస్సెల్

కర్నూలు, కడప మండలములలో మెట్టపొలములు విస్తారము. వానలు కురిసిన యేట ఆ నేలను వేరుసెనగ, జొన్న, కొర్ర, కంది పైరులు కప్పివేయును. గింజ ఉన్నచోటికి ఎలుకలు చేరును. ఎలుకలను వెదకుకొనుచు పాములు వచ్చును. అట్టి పాములలో రైతులు మిక్కిలి భయపడునది రక్తపింజరి. లావైన దేహము, త్రికోణాకారమైన తల, ఒడలిపై మూడు వరుసలుగా నల్లని అంచులుగల పెద్ద పొడలు దీని గుర్తులు. ఇది కదలక చుట్టచుట్టుకొని పడియుండి, దగ్గరకు పోయినవారిని చూచి కొలిమితిత్తి వలె బుసకొట్టును. వేరుసెనగ చెట్లు పెరుకు కూలీల చేతులను, చీకటిలో చేనికి పోవు రైతుల పాదములను కరచును.

ఇది కరచినచోట వాపును, నొప్పియు కలుగును. అంతటితో ఆగిన బాగుండెడిది. కొన్ని గంటలలో పంటిచిగుళ్ళనుండి నెత్తురు చిమ్మును; మూత్రము ఎఱ్ఱబారును; పాత గాయములు సైతము మరల కారజొచ్చును. ఈ పామును గూర్చి శాస్త్రలోకమునకు మొదట సమగ్రముగా తెలిపినవాడు పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు. నేటికిని ఆ పాము శాస్త్రీయనామములో ఆయన పేరు కలదు.

రస్సెల్ సుమారు 1727 ప్రాంతమున ఎడింబరో నగరమున జన్మించెను. అచ్చటి విశ్వవిద్యాలయముననే వైద్యవిద్య నేర్చెను. ఆయన సవతి అన్న అలెగ్జాండరు రస్సెల్ సిరియా దేశమునందలి అలెప్పో పట్టణమున ఆంగ్ల వర్తకులకు వైద్యుడుగా నుండెను. తమ్ముడు అన్నను చేరెను. 1753లో అన్న స్వదేశమునకు మరలిపోగా ఆ పదవి తమ్మునికి లభించెను. 1760 మొదలు 1762 వరకు అలెప్పోలో ప్లేగు మహమ్మారి చెలరేగినపుడు రస్సెల్ దాని పుట్టుకను, వ్యాప్తిని శ్రద్ధతో గమనించి వ్రాసికొనెను. ఆ వ్రాతలే తరువాత 1791లో ప్లేగును గూర్చిన గొప్ప గ్రంథమాయెను. అచ్చటి పాషా ఆయనను ఎంతగా మన్నించెననగా, తలపాగా ధరించు గౌరవమును ఆయనకు ఒసగెను. పరదేశి వైద్యునికి అది సామాన్యమైన మర్యాద కాదు.

1771లో ఆయన అలెప్పోను విడిచెను. కొంతకాలము లండనులో వైద్యము చేసెను. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడాయెను. ఏబదియేండ్లు దాటిన పిమ్మట, పేరును స్థిరమైన జీవనమును ఉన్న మనుష్యుడు, సముద్రముదాటి మరియొక దేశమునకు పోవుట అరుదు. రస్సెల్ పోయెను. ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణమున అధికారిగా నియమింపబడెను. తమ్ముని వెంట 1781లో పాట్రిక్ కూడ బయలుదేరి తెలుగుదేశమున అడుగుపెట్టెను.

ఇచ్చటి చెట్లు, చేపలు, పాములు ఆయన మనస్సును ఆకర్షించెను. 1785లో కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడు కోనిగ్ మరణింపగా ఆ స్థానమున రస్సెలును నియమించిరి. విశాఖపట్టణపు రేవులో పట్టిన చేపలను వర్ణించి ఆయన తరువాత రెండువందల బొమ్మలతో ఒక గ్రంథము వెలువరించెను. అది 1803నాటి మాట. కాని ఆయన మనస్సును ఎక్కువగా పట్టినది పాముకాటు. ఆ కాలమున పాముకాటువలన ఎందరో మరణించుచుండిరి. ఏ పాము విషముగలదో, ఏది లేనిదో ఎవరికిని నిశ్చయముగా తెలియదు. విషములేని పాము కరచినను జనులు భయముతో సగము చచ్చెడివారు. విషపుపాము కరచినపుడు నీటిపాము కరచినదని ఉపేక్షించువారును ఉండిరి.

సామాన్యులు చూచినంతనే విషసర్పమును గుర్తించుటకు సులభమైన మార్గమేదైన కలదా యని రస్సెల్ వెదకెను. పొట్టక్రింది పొలుసులను లెక్కించి పాములను వర్గీకరించు పద్ధతి అప్పటికి వాడుకలో నుండెను. ఆ లెక్కతో విషమున్నదీ లేనిదీ తేలలేదు. రంగును నమ్ముటయు ప్రమాదమే యాయెను. తుదకు నోరు తెరచి విషపుకోరలను చూచుటయే నిశ్చయమైన పరీక్ష అని ఆయనకు తోచెను. చేనిలో పాము కరచినవానికి అది ఏపాటి సహాయము? ఆ లోపమును తీర్చుటకే కాబోలు, ఆయన ఒక్కొక్క పామును బొమ్మ వేయించి, రంగులద్దించి, కొలతలతో సహా వర్ణింపబూనెను.

ఈ పనిలో ఆయనకు తోడ్పడినవారు ఇచ్చటి జనులే. పాములను పట్టి తెచ్చినవారు వారు. వాని పేర్లు చెప్పినవారును వారే. రస్సెల్ ఆ పేర్లను తనకు వినబడినట్లు ఆంగ్లలిపిలో వ్రాసికొని గ్రంథమునకు ఎక్కించెను. బంగారు పాము అని తెలుగువారు చెప్పిన పేరే రూపుమారి, నేడు కట్లపాముల జాతికి ప్రపంచమంతట శాస్త్రనామమైనది. రక్తపింజరిని ఆయన కాటుకరేకుల పొడ అని వ్రాసెను. కాటుకతో దిద్దిన రేకులవంటి పొడలు గలదని దాని యర్థము. ఆ పామును చూచినవారెవరును ఇంతకంటె చక్కని పేరు పెట్టలేరు.

కోళ్ళను, కుక్కలను పాములచే కరపించి, విషమెక్కిన విధమును ఆయన గడియలవారీగా వ్రాసెను. నేటివారికి ఇది క్రూరముగా కనబడవచ్చును. కాటుకరేకుల పొడ విషము నాగుపాము విషము తరువాత అంతటి ప్రాణాంతకమని ఆయన నిర్ణయించెను. ఆ దినములలో తంజావూరు మాత్రలని పాముకాటుకు ఒక మందు ప్రసిద్ధిలో నుండెను. అందులో తెల్లపాషాణము కలిసియుండెను. రస్సెల్ దానిని కూడ పరీక్షకు పెట్టెను. పేరుపడినంతటి గుణము ఆయనకు కనబడలేదు. పాము కరచినప్పుడెల్ల విషము వదలదు; విషములేని పాములే ఎక్కువ. అందుచేత ఏ మందు మ్రింగినను పలువురు బ్రదుకుదురు, మందునకు కీర్తి వచ్చును.

1789లో రస్సెల్ స్వదేశమునకు మరలెను. కంపెనీవారి ఆజ్ఞచే 1796లో ఆయన సర్పగ్రంథపు మొదటి భాగము ముద్రింపబడెను. అందు నలుబదికి పైగా రంగుల బొమ్మలు కలవు. మరుసటి యేట, 1797లో, కాటుకరేకుల పొడకు శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టిరి. రెండవ భాగము సంపూర్ణము కాకమునుపే, 1805 జూలై 2వ తేదీన, ఆయన లండనులో మరణించెను. మిగిలిన భాగము తరువాత వెలువడినది. ఒక్క మాట చెప్పవలెను: అన్నియేండ్లు శ్రమించినను ఆయన చేతికి మందు చిక్కలేదు. తాను ఇంతగా వర్ణించిన పాము కరచినవానిని బ్రదికించు ఉపాయము ఆయనకు తెలియదు.

ఆ ఉపాయము దొరకుటకు దాదాపు నూరేండ్లు పట్టెను. 1894లో పారిస్ నగరమున కాల్మెట్ మొదలగు శాస్త్రజ్ఞులు పాము విషమును కొద్దికొద్దిగా జంతువులకు ఎక్కించి, వాని రక్తమునందు విషమునకు విరుగుడు పుట్టుటను కనుగొనిరి. అది మొదలు గుఱ్ఱముల రక్తమునుండి ఈ విరుగుడును తీయజొచ్చిరి. నాగుపాము విరుగుడే అన్ని పాములకును చాలునని కాల్మెట్ తలంచెను. అది పొరపాటు. 1900 తరువాతి సంవత్సరములలో బొంబాయిలో జార్జి లాంబ్ అను వైద్యుడు పరీక్షించి, నాగుపాము విరుగుడు రక్తపింజరి విషమునకు పనిచేయదని నిరూపించెను. ఏ పాము విషమో తెలియక మందు చేయుట తగదని తేలెను. రస్సెల్ పాములను వేరుచేసి చూపిన శ్రమ ఇచ్చట ఫలించినది. నేడు భారతదేశమున తయారగు ఇంజక్షను నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అను నాలుగింటి విషములకును విరుగుడు. దీనికి వలయు విషమును ఎక్కువగా చెన్నపట్టణము చేరువనున్న వడనెమ్మేలిలో ఇరులజాతివారు తమ సహకార సంఘము ద్వారా తీసి పంపుచున్నారు. ఆ సంఘము 1978లో ఏర్పడినది.

రక్తపింజరి విషము రక్తమును పలుచన చేయునని పలువురు తలంతురు. నిజము దీనికి విపరీతము. గాయమైనచోట రక్తము గడ్డకట్టుటకు వలయు పదార్థములు మన నెత్తురులో నిలువయుండును. విషము వానిని ఒక్కమారుగా రేపి, అవసరము లేనిచోట్ల కూడ గడ్డలు కట్టించి వ్యయపరచును. పంటకాలమున గాదె ఖాళీచేసికొన్న రైతు కరవునాడు ఏమి చేయగలడు? అట్లే అసలు గాయము కారునపుడు అడ్డుకట్ట వేయుటకు రక్తమున ఏమియు మిగులదు. దీనికితోడు విషము సన్నని రక్తనాళముల గోడలను చెరచును, మూత్రపిండములను దెబ్బతీయును. 1934లో లండనునందు మాక్ఫార్లేన్, బార్నెట్ అను వైద్యులు ఇదే విషమును పదివేల రెట్లు పలుచన చేసి, పుట్టుకతో రక్తము గడ్డకట్టనివారి గాయములపై అద్ది నెత్తురు ఆపిరి. చంపునదే ఆ పాళమున మందైనది.

ఇంజక్షను ఉన్నదికదాయని తోచినట్లు పొడుచుట కూడదు. ఆసుపత్రిలో వైద్యుడు మొదట రోగి రక్తమును రెండు మిల్లీలీటర్లు శుభ్రమైన, పొడియైన క్రొత్త గాజుగొట్టములో పోసి, ఇరువది నిమిషములు కదలింపక ఉంచును. పిమ్మట వంచి చూచును. గడ్డకట్టక నీరువలె జారెనా, విషము ఎక్కినట్లే. అప్పుడు విరుగుడు మందు సాధారణముగా ఎనిమిది మొదలు పది సీసాల వరకు సెలైనులో కలిపి, సుమారు ఒక గంటలో నరములోనికి ఎక్కింతురు. చిన్నపిల్లలకును కొలత తగ్గింపరు. పాము బాలునికి వేరుగా, పెద్దకు వేరుగా విషము కొలిచి పోయదు గదా! ఈ మందు గుఱ్ఱపు రక్తమునుండి వచ్చినది గనుక కొందరికి సరిపడక దద్దుర్లు, ఆయాసము కలుగును, రక్తపోటు పడిపోవును. అందుచే అడ్రినలిన్ ఇంజక్షను సిద్ధముగా ప్రక్కనుంచియే ఆరంభింతురు. రక్తము గడ్డకట్టని స్థితిలో కండలోనికి ఇంజక్షను ఇచ్చుట, కాటు స్థలమును కత్తితో కోయుట నెత్తురుకాలువ త్రవ్వుటయే. త్రాడుతో బిగించి కట్టుటయు మేలు కాదు.

మందు ఎక్కించిన పిమ్మట వైద్యుడు ఆరుగంటలు వేచియుండును. విషము విరిగినను, ఖర్చైన పదార్థములను కాలేయము మరల తయారుచేయుటకు అంతకాలము పట్టును. ఆరుగంటల తరువాత మరల గాజుగొట్టము, మరల ఇరువది నిమిషములు. రక్తము ఇంకను గడ్డకట్టనియెడల మరల మందు ఎక్కింతురు.