రడ్జి బండి నేర్పిన చదువు

1565లో తళ్ళికోట యుద్ధం ముగిసిన పిమ్మట విజయనగర ప్రభువులు పెనుకొండ దుర్గాన్ని రాజధానిగా చేసికొన్నారన్నది ధర్మవరం, హిందూపురం విద్యార్థులకు క్రొత్తగా చెప్పవలసిన సంగతి కాదు. అయితే ఆ సామ్రాజ్యం బలంగా ఉన్న దినాలలోనూ, అది చెదరిన తర్వాతనూ తెలుగు కుటుంబాలు అనేకం దక్షిణంగా సాగి, కొంగునాడు మొదలైన సీమలలో భూములు దున్నుకొంటూ స్థిరపడినవి. ఇంట తెలుగు, వీధిలో తమిళం, ఇది వారి వాడుక. అట్టి రైతు కుటుంబాలలో ఒకదాన, కోయంబత్తూరు సమీపాన ఉన్న కలంగల్ గ్రామంలో, 1893 మార్చి 23న గోపాలస్వామి దొరస్వామి నాయుడు జన్మించారు. జి. డి. నాయుడుగారని లోకం ఎరిగినది ఈయననే.

పుట్టిన కొలదికాలానికే తల్లి గతించింది. బడిలో వేసినారు గాని ఆ బాలునకు బడి రుచించలేదు. ఉపాధ్యాయుని మీద ఇసుక చల్లి పారిపోయేవాడని ఆ ప్రాంతాల చెప్పుకొంటారు. ప్రారంభ తరగతులతోనే చదువు ముగిసింది. తండ్రి పొలం పనికి పెట్టినాడు. ఇంతటితో కథ ఆగిపోయినచో అటువంటి పిల్లలు మన పల్లెలలో ఎందరో ఉన్నారు, వారిని గురించి ఎవరూ వ్రాయరు.

ఇరువది ఏండ్ల ప్రాయంలో ఒకనాడు ఆయన కంటబడినది ఒక మోటారు సైకిలు. ఒక ఆంగ్ల రెవిన్యూ అధికారి దానిపై ఆ గ్రామపు దారిని వచ్చాడు. ఎద్దు లేదు, గుఱ్ఱం లేదు, బండి నడుస్తున్నది. తక్కిన ఊరివారు వింత చూచి మరల పనిలోకి పోయారు. ఈ యువకునకు మాత్రం నిద్ర పట్టలేదు. అటువంటి బండి తనకు కావలెను. కొనుటకు ధనం లేదు. కోయంబత్తూరు చేరి ఒక హోటలులో వడ్డన పనికి కుదిరి, సుమారు మూడేండ్లు రూపాయికి రూపాయి చేర్చి, ఆ అధికారి వద్దనే ఆ బండిని 300 రూపాయలకు కొన్నారు. అది ఇంగ్లండులోని కవెంట్రీ నగరంలో రడ్జి-విట్‌వర్త్ కంపెనీవారు చేసినది.

కొన్నవాడు ఎక్కి ఊరేగుట సహజం. నాయుడుగారు దానిని ఏ మరకు ఆ మర ఊడదీసి, నేలపై పరచి, మరల ఒక్కొక్కటిగా బిగించి నడిపించారు. ఆయన జీవిత మంతటికీ మూలం ఈ పనిలోనే ఉన్నది. కనుక ఆ కాలపు రడ్జి బండి ఎట్టిదో కొంచెం నిదానంగా చూడవలసి ఉన్నది.

ఆ కంపెనీవారు మొదట సైకిళ్ళు చేసేవారు. 1910, 1911 ప్రాంతాన మోటారు సైకిళ్ళలోకి దిగారు. ఇంజనుకు ఒకే సిలిండరు, కొలత సుమారు 500 ఘన సెంటీమీటర్లు. ఇంజను ఇరుసునుండి వెనుక చక్రానికి శక్తిని అందించేది గొలుసు కాదు, బెల్టు. తొలి మోటారు సైకిళ్ళలో పెక్కింటికి క్లచ్ అనేది లేదు. బండిని త్రోసుకొంటూ పరుగెత్తి, ఇంజను అందుకొన్న వెంటనే ఎగిరి కూర్చుండవలసినదే. తర్వాత వచ్చిన రడ్జిలలో కొన్నింటికి ఇంజను ఇరుసుమీదనే, బెల్టు తిరిగే కప్పీకి ఆనుకొని, క్లచ్ అమర్చారు. ఒకదాని ప్రక్క ఒకటిగా ఉన్న పలుచని బిళ్ళలను ఒక బలమైన స్ప్రింగు అదిమి పట్టి ఉంచుతుంది. ఆ బిళ్ళల ఒరిపిడిచేతనే ఇంజను శక్తి కప్పీకి పోతుంది. మీట నొక్కినప్పుడు స్ప్రింగు బిగువు తొలగి, బిళ్ళలు విడివడి, ఇంజను తిరుగుతున్నా బండి నిలిచి ఉంటుంది.

ఇందులో వచ్చే చిక్కులు రెండే. పట్టవలసినప్పుడు పట్టకపోవుట ఒకటి, వదలవలసినప్పుడు వదలకపోవుట రెండవది. మెట్ట ఎక్కేటప్పుడు ఇంజను గొంతు చించుకొంటున్నది గాని బండి ముందుకు సాగదు. క్లచ్ చెడినదని అప్పుడే అనరాదు, బెల్టు సాగినా, వానకు తడిసినా ఇదే జరుగుతుంది. కప్పీ ఇంజనుతో సమంగా తిరుగుతూ చక్రం వెనుకబడినచో తప్పు బెల్టుది. ఇంజను తిరుగుతూ కప్పీయే వెనుకబడినచో తప్పు క్లచ్‌ది. అప్పుడు కూడా వెంటనే సుత్తి పట్టరాదు. ముందు మీట వద్ద రవంత వదులు ఉన్నదా అని చూడవలెను. అది లేనప్పుడు మీట నొక్కకున్నను బిళ్ళలు సగం విడివడియే ఉంటవి. అది సరిగా ఉన్నచో బిళ్ళలకు నూనె అంటినదేమో చూచి పెట్రోలుతో కడగవలెను. ఆ తర్వాతనే బిళ్ళల అరుగుదల, చివరకు స్ప్రింగు బలం. ఇక రెండవ చిక్కు: మీట నొక్కినను బండి ఆగక ముందుకే లాగుచున్నచో మీట వదులు హెచ్చినదో, బిళ్ళలు వంకరపోయినవో, మడ్డి పట్టి ఒకదానికొకటి అతుక్కొన్నవో పరీక్షింపవలెను.

ధర్మవరం పట్టుమగ్గం మీద కూర్చున్న నేతగాడు పడుగు ఎచ్చట వదులైనదో చేతితోనే గ్రహిస్తాడు, అతనికి ఆ సంగతి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. నాయుడుగారిది ఇదే కోవ. ఏ భాగం ఎందుకున్నదో, అది లేనిచో ఏమగునో, ఒక యంత్రంలో తెలిసికొన్నవాడు రెండవ యంత్రాన్ని చూచి బెదరడు. ఆయనకు ఇంజనీరింగు పట్టా లేదు. ఆ రడ్జి బండి ఉన్నది.

మధ్యలో ప్రత్తి వ్యాపారం చేసి లాభించారు, బొంబాయి వెళ్ళి నష్టపోయారు. 1920లో కోయంబత్తూరు పారిశ్రామికుడు రాబర్టు స్టేన్సు సాయంతో ఒక మోటారు బస్సు కొని పొల్లాచ్చి, పళని క్షేత్రం నడుమ త్రిప్పనారంభించారు. ఆ ఒక్క బస్సే పెరిగి యు.ఎం.ఎస్. అనే సంస్థ అయినది. కొన్నేండ్లకు దేశంలో పేరెన్నికగన్న బస్సు సంస్థలలో ఒకటిగా నిలిచింది.

1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి కోయంబత్తూరులో విద్యుత్ మోటారు తయారు చేశారు. భారతదేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారుగా దానిని పేర్కొంటారు. జర్మనీ పర్యటనల ఫలితంగా రసాంత్ అనే విద్యుత్ క్షౌరయంత్రం వెలువడింది. కిరసనాయిలుతో తిరిగే పంకా, పండ్లరసం తీసే యంత్రం, ఓట్లు నమోదుచేసే యంత్రం, ఇట్లు జాబితా పొడుగైనది. 1952లో రెండువేల రూపాయలకు అమ్మగల ఇద్దరు కూర్చొనే పెట్రోలు కారును చేసి చూపారు. ప్రభుత్వం అనుమతి నీయలేదు, కారు నిలిచిపోయింది. ఆ కారు రోడ్డు మీదికి వచ్చి ఉన్నచో మన మధ్యతరగతి సంసారాల కథ ఎట్లుండేదో ఊహింపవలసినదే.

బడి నుండి పారిపోయిన ఈ మనిషి బడి పెట్టుట అన్నిటికంటె చిత్రం. 1945లో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేర కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజనీరింగు కళాశాల నాయుడుగారి దానంతో వెలసినవి. ఆయనే కొంతకాలం ప్రిన్సిపాలుగా ఉన్నారు. యంత్రాన్ని ముట్టుకొని నేర్చుకొనే విద్యార్థికి నాలుగేండ్లు అక్కరలేదని, రెండేండ్లు చాలునని ఆయన పట్టు. పనిమీద ఉన్న ఆయన నమ్మిక ఒక ప్రక్క, గణితశాస్త్ర భౌతికశాస్త్రాల పునాది అంత త్వరగా కుదరదనే ప్రభుత్వ పక్షం మరొక ప్రక్క. ఉపాధ్యాయులకు ఇందులో ఎవరి వాదం మేలని తోచునో గాని, రెండవదానిని తేలికగా త్రోసివేయుటకు వీలు లేదు. స్ప్రింగు బలహీనమైనదని చేయి చెప్పగలదు. ఎంత బలం ఉండవలెనో లెక్కయే చెప్పవలెను. ప్రభుత్వం అంగీకరించలేదు. నాయుడుగారు పదవి విడిచారు.

ఆ పిమ్మట పొలం మీదికి మరలి, ప్రత్తి, బొప్పాయి పంటలతో ప్రయోగాలు చేశారు. 1974 జనవరి 4న కన్నుమూశారు. ఆర్థర్ హోప్ పేర వెలసిన ఇంజనీరింగు కళాశాల ప్రభుత్వ సాంకేతిక కళాశాల అనే పేరుతో నేటికీ కోయంబత్తూరులో ఉన్నది. అందు ఇంజనీరింగు పట్టాకు చదువు నాలుగేండ్లే.