ఆర్గన్ వాయించడం రాని ఆర్గన్ కర్త

మీ దేవాలయంలో పాత హామండ్ ఆర్గన్ ఉండి, అది ఉన్నట్టుండి మూలిగినా, ఒక మెట్టు మూగబోయినా మెకానిక్ కోసం కబురు పెడతారు. మంచిదే. కానీ దాన్ని కట్టిన మనిషి కథ తెలిస్తే దోషం ఎక్కడుందో సగం తెలిసినట్టే. లారెన్స్ హామండ్ గారికి ఆర్గన్ వాయించడం రాదు. ఆయన గడియారాల మనిషి.

1895లో షికాగో దగ్గరి ఎవన్‌స్టన్‌లో పుట్టారు. రెండేళ్లకే తండ్రి పోయారు. చిత్రకారిణి అయిన తల్లి పిల్లలను యూరప్ తీసుకువెళ్లింది. తిరిగివచ్చాక 1916లో కార్నెల్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుని, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో పనిచేశారు. 1928లో గడియారాల కంపెనీ పెట్టారు. ఆ గడియారాల్లోని మోటారు కరెంటు ఊపుకు కట్టుబడి తిరుగుతుంది. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మోటారు ఆ లెక్క తప్పదు. ఆర్థిక మాంద్యంలో గడియారాల వ్యాపారం దెబ్బతింది. అదే మోటారుకు ఇంకో పని వెతికారు. పాత పియానో ఒకటి కొని, మెట్లు మాత్రం ఉంచుకుని మిగతాదంతా పారేశారు. ఉబ్బెత్తు అంచులున్న 91 ఉక్కు చక్రాలను మోటారుతో తిప్పారు. చక్రం అంచు అయస్కాంతం ముందు తిరుగుతుంటే, దాని చుట్టూ ఉన్న తీగచుట్టలో కరెంటు పుడుతుంది. అదే స్వరం. 1934లో పేటెంటు వచ్చింది, 1935లో ఆర్గన్ జనం ముందుకొచ్చింది.

పైపుల ఆర్గన్ కొనలేని చిన్న దేవాలయాలు ఆనందించాయి. పైపులవారు ఊరుకోలేదు, ఫిర్యాదు వాణిజ్య కమిషన్ దాకా వెళ్లింది. 1937లో షికాగో విశ్వవిద్యాలయ ప్రార్థనాలయంలో రెండు ఆర్గన్లనూ చాటున వాయించి ఏది ఏదో చెప్పమంటే, సంగీత నిపుణుల జవాబుల్లో దాదాపు మూడో వంతు తప్పాయి! అయినా, పైపుల ఆర్గన్ స్వరాలన్నీ ఇది పలుకుతుందని ప్రకటించుకోరాదని 1938లో కమిషన్ తీర్పిచ్చింది. న్యాయమైన తీర్పే అంటాను. రెండవ వాటికన్ మహాసభ కూడా 1963లో పైపుల ఆర్గన్‌కే పెద్దపీట వేసింది, తగిన ఇతర వాద్యాలకూ తలుపు తెరిచింది.

ఇక మన సంగతి. అమెరికా నుంచి దాతలు పంపిన చక్రాల ఆర్గన్‌ను మన కరెంటుకు తగిలిస్తే, పాట మొత్తం మూడు అరస్వరాలు కిందికి దిగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం కదా అంటారు. అది వోల్టులను తగ్గిస్తుంది గాని, మన 50 ఊపులను 60 చేయలేదు. శ్రుతి సరిచేసే మర కోసం లోపల వెతక్కండి, లేదు. ఊపును మార్చే పరికరం వేరే కావాలి. ఆర్గన్ అసలు కదలకపోతే నూనె ఎండిపోయి ఉండవచ్చు. ఆ మోటారు తనంతట తాను బయలుదేరలేదు, అందుకే స్టార్ట్ మీట వేరు, రన్ మీట వేరు. ఏడాదికోసారి ఆ ఆర్గన్‌కు చెప్పిన నూనే పోయండి, వంటింటి నూనె కాదు. ఒక్క మెట్టే మూగబోతే దాని కింద దుమ్ము చేరి ఉంటుంది. అదే స్వరం వేరే మెట్లలోనూ లోపిస్తే చక్రం దగ్గరి తీగను చూడమనండి. స్వరం మందగిస్తే మైనం పూసిన పాత కెపాసిటర్లు, హోరు పెడితే ఆంప్లిఫయర్‌లోని కెపాసిటర్లు అనుమానించాలి. స్విచ్ ఆపినా ఆంప్లిఫయర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది, యువకుల చేత దాన్ని విప్పించకండి.

మెట్టు నొక్కగానే వినబడే చిన్న టిక్కు మాత్రం రోగం కాదు. ఒక్కో మెట్టు కింద తొమ్మిది తీగలు కలుసుకునే చప్పుడది. హామండ్ కంపెనీ ఇంజనీర్లు దాన్ని లోపంగానే ఎంచి తగ్గించ ప్రయత్నించారు. జాజ్ వాద్యకారులకు అదే నచ్చింది. డాన్ లెస్లీ గారి తిరిగే స్పీకరూ అంతే. హామండ్ గారు దాన్ని ఒప్పుకోలేదు, వాయించేవారు వదల్లేదు. ఆయన 1973లో కన్నుమూశారు. చక్రాలు లేని నేటి డిజిటల్ ఆర్గన్లలో ఆ టిక్కును కావాలని పెడుతున్నారు.