సర్ తామస్ మన్రోయును దత్తమండలపు బడులును

మన కడప, కర్నూలు సీమల పల్లెలలో ఒకప్పుడు మగబిడ్డలకు మన్రోలప్ప యనియు, మన్రోలయ్య యనియు పేరిడు వాడుక యుండెను. పాపఘ్నీ నది కొండను చీల్చుకొని వచ్చు గండియొద్ద వాయుదేవుడు శ్రీరామునికై కట్టిన బంగారు తోరణము మన్రోదొర కంటికి గనబడెననియు, అది కనబడినవారికి మరణము సమీపించునని పెద్దలు చెప్పిరనియు నొక కథ కలదు. మంత్రాలయమున శ్రీ రాఘవేంద్రస్వామి ఆయనతో సంభాషించెనని మఱియొక కథ. ఒక పరదేశపు అధికారిని జనులు ఇట్లు తమ పురాణములలో చేర్చుకొనుట అరుదు. కాని ఆ కథలలో నెచ్చటను ఆయన బడులమాట రాదు. విద్యార్థులు చదువు పత్రిక గనుక, ఆ విషయమునే ఇచ్చట కొంత విరివిగా చెప్పుట యుక్తము.

తామస్ మన్రో 1761 మే 27వ తేదీని స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరమునందు జన్మించెను. తండ్రి అమెరికాతో వ్యాపారము చేయు వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధమువలన ఆ వ్యాపారము చెడి కుటుంబము దిగజారెను. బాలుడు గ్లాస్గో విశ్వవిద్యాలయమున కొంతకాలము చదివెను. డాన్ క్విక్సోటు కథను మూలములో చదువుకొనుటకై స్పానిషు భాషను తనంతట తాను నేర్చుకొనెనని చెప్పుదురు. 1780లో ఈస్టిండియా కంపెనీ పటాలమున చిన్న యుద్యోగిగా మదరాసులో దిగి, హైదరాలీతో జరిగిన యుద్ధమున పాల్గొనెను. 1792 మొదలు సేలము ప్రాంతపు బారామహలులో భూమి కొలతలు, శిస్తు నిర్ణయములు నేర్చెను. పిమ్మట కొంతకాలము కెనరా జిల్లాలో నుండెను.

1800లో నిజాము బళ్లారి, కడప ప్రాంతములను కంపెనీకి వదలుకొనెను. ఇవియే దత్తమండలములు. కర్నూలు పట్టణము మాత్రము 1839 వఱకు నవాబు చేతిలోనే యుండెను. మన్రో ఈ మండలములకు ముఖ్య కలెక్టరై 1807 వఱకు పని చేసెను. పాలెగాండ్ర కోటలు, కఱవు, పాడుపడిన చెఱువులు—ఇదియే ఆయనకు దొరకిన దేశము. ఆ యేడేండ్లలో ఎక్కువ కాలము గుడారములలోనే కాపురముండి ఊరూర తిరిగి, పొలము పొలమును కొలిపించి, రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. పాలెగాండ్రను అణచుటలో ఆయన చేయి మెత్తనిది కాదు. శిస్తును మొదట తేలికగా నుంచినవాడును కాడు. అయినను 1807లో వెడలిపోవుటకు ముందు, ఈ యెండునేలలపై శిస్తును నాలుగవ వంతు తగ్గింపవలెనని వ్రాసెను. పైవారు వినలేదు. 1820లో తాను మదరాసు గవర్నరై వచ్చిన పిమ్మటనే ఆ తగ్గింపు జరిగెను.

గవర్నరైన రెండేండ్లకు, 1822 నడుమ, ఆయన అన్ని జిల్లాల కలెక్టర్లకును ఒక పట్టిక పంపించెను. ఊళ్లలో బడులెన్ని, చదువు పిల్లలెందఱు, ఏ కులమువారు, ఆడపిల్లలెందఱు, ఏమి చదువుదురు, గురువులకు జీతమెవ్వరిత్తురు అని అందు ప్రశ్నలుండెను. అంతకుముందు ఈ దేశస్థులు అజ్ఞానులని కొందఱును, మహావిద్వాంసులని కొందఱును వాదించుచుండిరి. లెక్క మాత్రము ఎవ్వరియొద్దను లేదు. లెక్క లేక వాదించుట వ్యర్థమని మన్రో యభిప్రాయము. కెనరా కలెక్టరు ఈ పట్టిక నింపుట నిష్ప్రయోజనమని తప్పుకొనెను. కడప జవాబు రెండేండ్లకు పైబడి, 1825 ఆరంభమున వచ్చెను. దానిని బట్టి కడప జిల్లాలో 494 బడులుండెను. బ్రాహ్మణ బాలకులు ఇల్లు విడిచి దూరపు ఊళ్లలోని గురువులయొద్ద చేరి, మధూకరముపై జీవించుచు శాస్త్రములు చదువుచుండిరనియు, గురువులు వారియొద్ద ఏమియు పుచ్చుకొనరనియు ఆ జవాబులో నుండెను.

అన్నిటికంటె తఱచి వ్రాసినవాడు బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్. తెలుగు వ్యాకరణమును 1816లో అచ్చు వేయించిన పండితుడాయన. ఇప్పటి అనంతపురపు ప్రాంతములును, ఆదవాని, పత్తికొండలును అప్పుడు ఆయన జిల్లాలోనివే. 1823 ఆగష్టులో ఆయన పంపిన లెక్కలో 533 బడులు, 6,641 మంది పిల్లలు కలరు. జిల్లా జనసంఖ్య తొమ్మిది లక్షలకు పైబడినది. కన్నడము చెప్పు బడులు 235, తెలుగు చెప్పునవి 226. ఆడపిల్లలు అఱువది మంది.

బాలుడు అయిదవయేట బడిలో చేరి ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటయు, పెద్దపిల్లలు చిన్నవారికి పాఠము చెప్పుటయు కాంబెల్ మెచ్చెను. ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు మదరాసులో ఈ రీతినే చూచి ఇంగ్లండునకు గొనిపోగా, అచ్చట అది మదరాసు పద్ధతియని ప్రసిద్ధి కెక్కెను. మన వీధిబడులు సీమకు పాఠము చెప్పినవని గర్వించుటకు ఇది యొక సాక్ష్యము. కాని దోషమును కూడ ఆయన దాచలేదు. పిల్లలు వల్లెవేయు పద్యములకు అర్థము వారికి తెలియదు, ఒక్కొక్కప్పుడు గురువునకును తెలియదు. కావ్యభాష ఒకటి, నోటిభాష మఱియొకటి అని ఆయన వాపోయెను. ఇంచుమించు తొంబదియేండ్ల పిమ్మట గిడుగు రామమూర్తి పంతులుగారు రేపిన వివాదమునకు బీజమిచ్చటనే కనబడుచున్నది. బడులు క్షీణించుటకు ముఖ్యకారణము దారిద్ర్యమనియు ఆయన నిర్భయముగ వ్రాసెను: సీమనుండి వచ్చు బట్టలవలన సాలెవాండ్ర మగ్గములు ఆగినవి, పూర్వపు రాజుల దానములు నిలిచిపోయినవి, కూలిపనికి పోవలసిన బిడ్డను బడికి పంపు తల్లిదండ్రులెవ్వరు? కంపెనీ కొలువులో నుండి కంపెనీకే ఇట్లు వ్రాయుటకు కొంత ధైర్యము కావలెను.

మన్రో ఈ జవాబులన్నిటిని చదివి 1826 మార్చి 10వ తేదీని తన నిర్ణయమును వ్రాసెను. రాజధాని యంతటిలో 12,498 బడులు. జనము ఒక కోటి ఇరువది యెనిమిది లక్షలకు పైబడినది. అనగా సుమారు వేయిమందికి ఒక బడి. ఇంటియొద్ద చదువువారిని పట్టికలు సరిగా లెక్కింపలేదనియు, మదరాసు నగరమున అట్టివారు బడిపిల్లలకు అయిదింతలు కనబడిరనియు, కావున బాలురలో నాలుగవ వంతునకు మించియే కొంత చదువు పొందుచున్నారనియు ఆయన యూహించెను. ఇది తక్కువయే, అయినను కొలదికాలము క్రిందట యూరపు దేశములు పెక్కింటిలో నుండినదానికంటె మేలని ఒప్పుకొనెను. వీధిబడి గురువునకు నెలకు ఆఱేడు రూపాయలకంటె రాదు. అట్టి జీతమునకు సమర్థుడు దొరకడు. ఉన్న బడులలో సర్కారు వేలు పెట్టరాదు. వానిని తమ దారిన విడిచి, వానికి మేలుబంతిగా క్రొత్తవి పెట్టవలెను. ప్రతి కలెక్టరేటునకు హిందువులకొకటి, మహమ్మదీయులకొకటి పెద్దబడి. ప్రతి తాలూకాకు ఒక చిన్నబడి. పెద్దబడి యుపాధ్యాయునకు 15 రూపాయలు, తాలూకా వానికి 9 రూపాయలు. వారిని మదరాసులో తరిఫీదు చేయవలెను. మొత్తము వ్యయము ఏటికి అర్ధలక్షకు లోపల. ఆ యేడే విద్యాసంఘమొకటి ఏర్పడెను.

చదువు ఎందులకు అను ప్రశ్నకు ఆయన సమాధానము గమనింపదగినది. పుస్తకములు మాత్రమే పంచి, పెద్దయుద్యోగములను ఈ దేశస్థులకు మూసివేసినచో చదువు నిలువదని 1824లోనే ఆయన వ్రాసియుండెను. గౌరవమునకు దారి కనబడినచో జనులు తామే చదువుకొందురని ఆయన నమ్మకము.

మిషను పాఠశాల వారమైన మనకు రుచింపని సంగతి యొకటి కలదు. దానిని విడుచుట సత్యము కాదు. 1822లో బళ్లారి సబుకలెక్టరు ఒకడు తన అధికారముతో రైతులకు మతబోధ చేయగా మన్రో దానిని గట్టిగా ఖండించెను. ప్రభుత్వపు చేతిలో కొరడాయు గ్రంథమును రెండును కలిసియుండినచో రైతు దేనికి లోబడెనో తెలియదని ఆయన తలంపు. లండను మిషనువారు బళ్లారిలో 1810 నుండియు, కడపలో 1822 నుండియు పని చేయుచుండిరి. వారి బడులను ఆయన అడ్డలేదు. నాకు జూడ ఆయన పక్షమే న్యాయము. దొర యాజ్ఞకు భయపడి వచ్చిన శిష్యునివలన మిషనునకే నష్టము.

ఆయన పథకమున లోపములు లేకపోలేదు. తొమ్మిది రూపాయలకు తోడు మఱి అంత పిల్లలయొద్ద వచ్చునని యనుకొనెను. అందువలన రుసుము చెల్లింపలేని బీదవాడు వెలుపలనే నిలిచెను. ఆడపిల్లల కొఱకు ఏర్పాటు లేదు. మాల మాదిగ బిడ్డలకు ఊరిబడి గడప దాటుట అసాధ్యముగానే యుండెను. కడప, నంద్యాల ప్రాంతములలో వారికి పలక చేతికందినది 1850 తరువాత, మిషను బడులలోనే.

1827లో పదవి విడిచి స్వదేశమునకు పోవలసిన మన్రో, తన పాత రైతులను కడసారి చూడగోరి దత్తమండలములకు బయలుదేఱెను. దారిలో వాంతిభేది పుట్టి జూలై 6వ తేదీని పత్తికొండలో కన్నుమూసెను. గుత్తిలో పాతిపెట్టిన దేహమును 1831లో మదరాసు కోటలోని సెయింటు మేరీ దేవాలయమునకు చేర్చిరి. పత్తికొండలో ఆయన పేర తోపును, మెట్ల బావియు ఏర్పడినవి.

బడులు అంతకాలము నిలువలేదు. తలపెట్టిన 300 తాలూకా బడులలో నూఱైనను నిండలేదు. జీతము చాలదని, తనిఖీ లేదని, ఉపాధ్యాయులు అసమర్థులని ఫిర్యాదులు వచ్చెను. 1830లో కంపెనీ డైరెక్టర్లు పైతరగతులవారికి ఇంగ్లీషు విద్య చెప్పుటయే మేలని వ్రాసిరి. 1835లో కలకత్తాలో మెకాలే వాదము గెలిచెను. 1836లో మన్రో బడులన్నియు ఎత్తివేయబడెను. దేశభాషలో ఊరివానికి చదువా, ఇంగ్లీషులో కొందఱికి చదువా యను తగవులో ఊరివాడు ఓడెను. 1854లో విద్యా శాసనపత్రము వచ్చి ప్రైవేటు బడులకు సహాయద్రవ్యము ఏర్పడువఱకు, పదునెనిమిదేండ్లు, మన తాలూకాలలోని పిల్లలు మరల ఆఱేడు రూపాయల వీధిబడి గురువునొద్దనే ఇసుకలో అక్షరములు దిద్దిరి.