విద్యాదాత సూర్యారాయ మహారాజు

పిఠాపుర సంస్థానమునకు కడపటి ప్రభువైన శ్రీ రాజా రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహద్దరు 1885వ సంవత్సరమున జన్మించెను. ఐదేండ్లు నిండకమునుపో, నిండిన వెంటనేయో, 1890లో తండ్రి గంగాధర రామారావు గతించెను. సంస్థానము కోర్టు ఆఫ్ వార్డ్సు వశమయ్యెను. వారసత్వపు వ్యాజ్యము సీమలోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయి, 1899లో బాలునకు అనుకూలముగ ముగిసెను. తండ్రి లేకున్నను ఆ బాలునకు చదువునకు లోటు రాలేదు. సంస్థానపు ధనమే గురువులను, గ్రంథములను, తీరికను సమకూర్చెను. అదే యీడున తండ్రిని గోలుపోయిన రైతుబిడ్డకు మాత్రము పలక మూలబడి, పసులకర్ర చేతికి వచ్చుచుండెను.

ఈ భేదమును మహారాజు మనస్సునకు తెచ్చినవారు బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు. పిఠాపురమునకు సమీపముననే కాకినాడలో, ఆ రాజవంశపు ధనముతో వర్ధిల్లి వారి పేరనే వెలసిన కళాశాల యుండెను. నాయుడుగారు దానికి అధ్యక్షులై 1919 వరకు పదునాలుగేండ్లకు పైగా సేవించిరి. మహారాజు ఆయనను ఉద్యోగిగా గాక గురువుగా భావించెను. ధనము తనదే యైనను, ఆ ధనముతో బడి యెట్లు నడువవలెనో నిర్ణయించు భారమును గురువునకే విడిచెను. దాత చేయి పాఠము జోలికి పోకుండుట దానములలో అరుదైన దానము.

ధనము గోడలను కట్టగలదు, పుస్తకములను కొనగలదు. కాని ఆకలితో వచ్చిన విద్యార్థికి ఆ పుస్తకము తలకెక్కదు. బడిజీతము కట్టలేనివానికి ఆ గోడలు కోటగోడలే. నాయుడుగారు ఈ సంగతి యెరిగినవారు. తమ వేతనములో అధికభాగమును బీదవిద్యార్థులకు వెచ్చించిరి. కొందరిని తమ యింటనే యుంచి చదివించిరి. మహారాజు అదే త్రోవను పెద్దయెత్తున నడచెను. కాకినాడలో అనాథ శరణాలయము వెలసెను. అంటరానివారని లోకము త్రోసిపుచ్చిన కులముల బాలురకు వసతిగృహ మేర్పడెను. ఆడుపిల్లలకు కళాశాల ద్వారములు తెరువబడెను. చదువునకు కావలసినవి బడిలో కొన్ని, ఇంటిలో కొన్ని యుండును. ఇంటిలో లేనిదానిని గూడ బడియే పూరింపవలెనని ఆ గురుశిష్యు లిరువురును గుర్తించిరి.

ఆ కళాశాలలో చదివినవారిలో గుడిపాటి వేంకటచలము, దేవులపల్లి కృష్ణశాస్త్రి కలరు. ఇరువురును భిన్నమార్గములను త్రొక్కిరి. ఇరువురి తొలినాళ్లపైనను నాయుడుగారి ప్రభావము కలదు. మహారాజు ఔదార్యముననే సూర్యరాయాంధ్ర నిఘంటువు సిద్ధమై, దాని మొదటి సంపుటము 1936లో వెలువడెను.

ఐనను ఒక మాట మరువరాదు. ఆ ధన మాకాశమునుండి రాలినది గాదు. చేలలో చెమటోడ్చిన రైతులు చెల్లించిన శిస్తు. శిస్తు చెల్లించిన యూళ్లన్నింటను అట్టి విద్యాలయములు వెలయలేదు. సంస్థానాధిపతు లందరును సూర్యారాయలు గారు. ఒక వంశపు ధనమును, ఒక మనుష్యుని మనస్సును నమ్ముకొన్న చదువు, ఆ రెండును ఉన్నంతవరకే నిలుచును. 1948నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీలకు కాలము చెల్లెను. 1964లో మహారాజు కాలధర్మము చెందెను. పిఠాపురము రాజావారి కళాశాల నేడు ప్రభుత్వ కళాశాల. ఒక ప్రభువు ఇష్టముపై నడచిన కార్య మిపుడు ప్రజలందరి బాధ్యత యైనది.

బడి మేలైనదా కాదా యని తెలియగోరువారు దాని మేడలను, దాని కిచ్చిన ధనమును లెక్కించుట సహజము. ఆ లెక్కయు అవసరమే. రిక్తహస్తములతో ఏ బడియు నడువదు. కాని సూర్యారాయ మహారాజు జీవితము ఇంకొక లెక్కను నేర్పుచున్నది. అన్నిటికంటె బీదయింటి పిల్లవాడు ఆ బడి గడప దాటగలిగెనా, దాటి తుదివరకు నిలిచెనా యనునదే ఆ లెక్క.