కరువునాటి అన్నదాత బుడ్డా వెంగళరెడ్డి

ఉయ్యాలవాడ అనగానే 1847లో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డి అందరికీ గుర్తొస్తాడు. మన సీమ ముసలివాళ్లకు ఇంకొకరు కూడా గుర్తొస్తారు, బుడ్డా వెంగళరెడ్డిగారు. ఆయన్ని గురించే ఈ నాలుగు ముక్కలు.

1866లో పెద్ద కరువు వచ్చింది. అప్పటికి మన డోనుకు రైలు లేదు. గింజలు రావాలంటే ఎడ్లబండే దిక్కు. మేత లేక ఎడ్లే పడిపోతుంటే బండి కదిలేదెట్లా? జనం పిల్లాజెల్లాతో ఊళ్లు విడిచి నడిచారు. అట్లా ఉయ్యాలవాడ చేరినవాళ్లకు వెంగళరెడ్డిగారు తన గాదెలు తెరిచి నెలల తరబడి గంజి పోయించారు. రోజూ వేలమంది తాగారని చెప్పుకుంటారు. వచ్చినవాడిది ఏ ఊరు, ఏ కులం, ఏ మతం అని అక్కడ అడగలేదంటారు.

లెక్క ఎట్లున్నా, మాకు గొప్పగా తోచేది ఆ అడగకపోవడమే. పదేళ్ల తర్వాత వచ్చిన ధాత కరువులో సర్కారు సాయం చూడండి. 1877లో సహాయపు పనుల కూలిని మగమనిషికి రోజుకు 1 పౌను గింజల లెక్కకు కుదించారు. అది తింటూ పనిచేస్తే మనిషి నిలవడని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ పోట్లాడాడు. ఆ తర్వాతేగాని పెంచలేదు. వెంగళరెడ్డిగారు గంజికి బదులు పని చేయించుకున్నారని మేమెక్కడా వినలేదు.

ఆయనకు విక్టోరియా రాణి పేరిట బంగారు పతకం వచ్చింది. ఆస్తి మాత్రం కరిగి అప్పులు మిగిలాయంటారు. 1900లో కన్నుమూశారు. ఆయన మీద పుట్టిన పాట మన పల్లెల్లో తరాల తరబడి పాడుకున్నారు.