మలేరియా మర్మజ్ఞుడు సర్ రోనాల్డు రాసు

దినము విడిచి దినము చలితో వణికించి, పిమ్మట కాచి, చెమటతో విడుచు జ్వరమును ఎరుగని పల్లె మన దేశమున ఒకప్పుడు అరుదు. మన్యమున అది కాపురమే యుండెను. నీరు నిలిచిన చిత్తడి నేలలనుండి లేచు చెడుగాలియే దానికి కారణమని పూర్వులు తలచిరి. ఇటలీవారి భాషలో చెడుగాలి యను అర్థముననే దానికి మలేరియా యను పేరు కలిగినది. కారణము గాలి కాదు, దోమ యని కన్నులార చూచి లోకమునకు తెలిపినవాడు సర్ రోనాల్డు రాసు. ఆ చూచుట జరిగినది మన సికిందరాబాదులోనే. ఆ కథ పాఠ్యపుస్తకములకెక్కినది. కాని కనుగొన్న పిమ్మట ముప్పది సంవత్సరములకు పైగా ఆయన ప్రభుత్వములతో సొమ్మునకై సలిపిన పోరాటమును ఎరిగినవారు తక్కువ. ఆయన శేషజీవితములో అధికభాగము ఆ పోరాటమునకే చెల్లినది.

రాసు 1857 మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి ఆల్మోరాలో జన్మించెను. మీరట్టులో సిపాయిలు తిరుగబడి అప్పటికి మూడు దినములైనది. తండ్రి సైన్యాధికారి. పదిమంది సంతానములో రోనాల్డు జ్యేష్ఠుడు. ఎనిమిదవ యేట విద్యకై ఇంగ్లండునకు పంపబడెను. చిత్రలేఖనము, సంగీతము, కవిత్వము, గణితము మొదలగు వానియందెల్ల అతనికి మక్కువ, లేనిదెల్ల వైద్యమునందే. అయినను తండ్రి మాట త్రోసివేయలేక 1874లో లండనులోని సెంటు బర్తాలోమ్యూ వైద్యశాలలో చేరెను. ఒక పరీక్ష తప్పెను. కొంతకాలము ఓడలో వైద్యుడుగా పనిచేసి, మరల పరీక్షకు కూర్చుండి, 1881లో ఇండియను మెడికల్ సర్వీసున ప్రవేశించి మద్రాసు రాజధానికి నియమితుడై వచ్చెను. తొలి సంవత్సరములలో ఆయన పద్యములు వ్రాయుటయందును, గణితగ్రంథములు చదువుటయందును చూపిన శ్రద్ధ రోగములయందు చూపలేదు.

1883లో ఆయన బెంగుళూరులో నుండగా చిన్న విశేషము జరిగినది. ఆయన బసలో దోమలు మెండు. ఒకనాడు కిటికీ చెంత నున్న నీటితొట్టిలోనికి తొంగిచూడగా అందు దోమపిల్లలు పురుగులవలె మెదలుచుండెను. తొట్టిని బోర్లించెను. దోమలు తగ్గినవి. ఉత్సాహముతో పై అధికారికడకేగి, తక్కిన పాత్రలనుగూడ ఇట్లే చేయింతమని చెప్పెను. ఆ అధికారి సమ్మతింపలేదు. దోమలు సృష్టిలోని వస్తువులు గనుక వానిని భరింపవలసినదే యని ఆయన మతము. రాసు తరువాతి జీవితమంతయు ఈ చిన్న సంవాదము పెరిగి పెద్దదైనట్లే తోచును. తొట్టిని బోర్లించుట సులభము. బోర్లింపుమని ఆజ్ఞ ఇప్పించుట కష్టము.

1888లో సెలవుపై స్వదేశమునకేగి, ప్రజారోగ్యశాస్త్రమున పట్టము పొంది, సూక్ష్మజీవశాస్త్రమును అభ్యసించి, వివాహము చేసికొని మరలివచ్చెను. ఫ్రాన్సుదేశపు సైనిక వైద్యుడు లావెరాను 1880లోనే మలేరియా రోగుల రక్తమున ఒక సూక్ష్మజీవిని కనుగొని యుండెను. రాసు దానిని తొలుత నమ్మలేదు. 1894లో మరల లండనునకేగినపుడు పాట్రిక్ మాన్సను అను అనుభవశాలి యగు వైద్యుడు సూక్ష్మదర్శినిలో ఆ జీవిని చూపి, ఇది మనుష్యుని శరీరమునుండి దోమలోనికి పోవుచుండవచ్చునని తన ఊహను తెలిపెను. దోమ చచ్చి పడిన నీరు త్రాగుటచే మనుష్యునకు రోగము వచ్చునని ఆయన ఊహలోని రెండవ భాగము. మొదటి భాగము సరియైనది, రెండవది కాదు. ఈ రెంటిని వేరుచేయుటకు నాలుగు సంవత్సరములు పట్టినది. సుశ్రుతుడు తన గ్రంథమున దోమలలో ఐదు జాతులను పేర్కొన్నాడు. పూర్వులకు సర్వము తెలియునని చెప్పువారు దీనిని ఎత్తిచూపుటయు కలదు. ఐదు జాతులలో ఏది రోగమును మోయునో పరీక్షించి చూచుట వేరొక పని. ఆ పనియే రాసు తలకెత్తుకొనెను.

1895లో ఆయన సికిందరాబాదులోని మద్రాసు పటాలమునకు వైద్యుడుగా వచ్చెను. రోగులను దోమతెరలో పరుండబెట్టి, లోపల దోమలను వదలి, అవి రక్తము త్రాగిన పిమ్మట పట్టి, ఒక్కొక్కదాని కడుపును సూదులతో విప్పి వెదకెడివాడు. నడుమ కలరా అణచుటకై బెంగుళూరునకు పంపబడి, అచ్చట బావులు, మురుగుకాలువలు బాగుచేయించు పనిలో చాలకాలము గడపెను. మలేరియా పరిశోధనకై తనను ప్రత్యేకముగా నియమింపుడని ప్రభుత్వమును కోరెను. ప్రభుత్వము ఒప్పుకొనలేదు. 1897 వేసవిలో సెలవు పెట్టి, స్వంత వ్యయముతో నీలగిరులలోని జ్వరపీడిత ప్రదేశమునకు పరిశోధనకై పోయెను. అచ్చట తానే మలేరియా పాలయ్యెను. పరిశోధనకు ప్రభుత్వము పెట్టిన ఖర్చు సున్న. రాసు పెట్టినది సెలవు, సొమ్ము, ఆరోగ్యము.

ఆ యేడు జూనులో సికిందరాబాదునకు మరలివచ్చి బేగంపేట వైద్యశాలలో పని సాగించెను. ఉక్క దుస్సహము. పంకా లాగించినచో దోమలు ఎగిరిపోవును గనుక పంకా లేదు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను, అద్దము పగులువారెను. అంతవరకు ఆయన పరీక్షించిన దోమలలో మిక్కిలి భాగము ఈ రోగమును మోయని జాతులవి. ఇప్పుడు రెక్కలపై మచ్చలున్న వేరొక జాతి దోమలను పిల్లలనుండి పెంచెను. పెంచిన దోమ యనగా పూర్వము ఎవరిని కుట్టనిది. దానిలో ఏమి కనబడినను ఈ రోగి రక్తమునుండి వచ్చినదే కావలెను. హుస్సేన్ ఖాన్ అను రోగి దోమకు ఒక అణా చొప్పున తీసికొని వానిచే కుట్టించుకొనెను. ఆగస్టు 20వ తేదీన మధ్యాహ్నము, మిగిలిన కొలదిపాటి దోమలలో ఒకదానిని విప్పగా, దాని కడుపు గోడలో గుండ్రని కణములును, వానిలో మలేరియా రోగి రక్తమున కనబడునట్టి నల్లని రేణువులును కానవచ్చెను. మరునాడు ఇంకొక దోమలో అవే కణములు పెద్దవైయుండెను. అనగా అవి పెరుగుచున్నవి, అవి జీవములు. ఆ సంతోషమున రాసు పద్యము వ్రాసెను. డిసెంబరులో ఆ వృత్తాంతము వైద్యపత్రికలో అచ్చయ్యెను.

ఇట్టి సమయమున ఏ యజమానియైనను ఆ పనివానికి సౌకర్యములు కల్పించును. కాని కొలదికాలములోనే రాసును రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేసిరి. అచ్చట మలేరియా రోగులు దాదాపు లేరు. లండనులో మాన్సను గట్టిగా కృషి చేసిన పిమ్మట, 1898 ఫిబ్రవరిలో ఆరు నెలల గడువుతో కలకత్తాలో పరిశోధనకు నియమించిరి. ప్లేగు టీకాల గడబిడచే ప్రజలు దొరల సూదిని చూచి పారిపోవుచుండిరి. రక్తపరీక్షకు రోగులు దొరకరైరి. రాసు పక్షులవైపు మరలెను. పిచ్చుకలకును మలేరియావంటి రోగము కలదు. మహమ్మదు బక్షు అను సేవకుని సాయముతో దోమలను పెంచి, ఆ క్రిమి కడుపు గోడలో పెరిగి, పగిలి, దోమ లాలాజల గ్రంథిలోనికి చేరుననియు, కాటుతో ఆరోగ్యముగల పిచ్చుకకు సంక్రమించుననియు జూలైలో నిరూపించెను. నీరు త్రాగుట కాదు, కాటు. అదే సంవత్సరాంతమున ఇటలీలో గ్రాసీయు, ఆయన సహచరులును మనుష్యుని విషయమునను అదే మార్గమని చూపిరి.

1899లో రాసు కొలువు విడిచి, లివర్పూలులో నౌకావర్తకులు చందాలతో నెలకొల్పిన ఉష్ణదేశ వైద్యపాఠశాలలో అధ్యాపకుడుగా చేరెను. ఇక ఆయన బోధ ఒక్కటియే. రోగకారణము తెలిసినది, దోమ నీటిలో పుట్టునని తెలిసినది, గుంటలు పూడ్చుడు, మురుగు త్రవ్వుడు, పూడ్పరాని నీటిపై నూనె చల్లుడు, ఈ పనికి జీతముగల మనుష్యులను పెట్టుడు. పశ్చిమ ఆఫ్రికాలోని ఫ్రీటౌనున 1901లో ఇట్టి దళములను నడపుటకు సొమ్ము ఇచ్చినది ప్రభుత్వము కాదు, స్కాట్లండు ధనికుడొకడు. దోమల దళములను ఏర్పరచు విధానమును గూర్చి ఆయన చిన్న పుస్తకమునే ప్రకటించెను.

ఆయన మాట పూర్తిగా విన్నది ఒక వర్తకసంఘము. సూయజు కాలువ కంపెనీవారి ఇస్మాయిలియా పట్టణమునకు మంచినీటి కాలువ తెచ్చిన పిమ్మట 1877 నుండి మలేరియా వ్యాపించి, పనివారు మంచము పట్టుచుండిరి. 1902లో కంపెనీవారు రాసును పిలిపించి, ఆయన చెప్పినట్లు చిత్తడిని ఇసుకతో పూడ్చి, ఇండ్ల క్రింది మురుగుగుంటలలో వారమువారము నూనె పోయించిరి. ఆ పట్టణమున 1901లో సుమారు 2,000 మందికి జ్వరము రాగా, 1903లో 214 మందికి వచ్చెను. 1905లో 37 మందికి మాత్రమే. పనివాడు పరుండిన నష్టమెంత, నూనె ఖరీదెంత యని కంపెనీవారు లెక్క చూచుకొనిరి. ప్రభుత్వములు ఆ లెక్క చూచుకొనలేదని రాసు మనోవేదన.

మన దేశమున లాహోరు చెంత మియాన్‌మీరు దండులో 1902 మొదలు కొన్ని సంవత్సరములు దోమల నిర్మూలనమును ప్రయత్నించి, జ్వరము తగ్గలేదని అధికారులు విడిచిపెట్టిరి. చాలని సొమ్ముతో, చాలని విస్తీర్ణమున చేసిన పని పరీక్ష యనిపించుకొనదని రాసు తీవ్రముగా ఖండించెను. దోమలు అన్నియు చావనిదే ఫలము లేదను వాదమునకు ఆయన గణితముతో ఉత్తరము చెప్పెను. దోమలలో రోగిని కుట్టునవి కొన్ని. వానిలో క్రిమి పండువరకు బ్రదుకునవి మరికొన్ని. వానిలో తిరిగి ఆరోగ్యవంతుని కుట్టునవి ఇంకను కొన్ని. కావున దోమల సంఖ్య ఒక మితికి దిగినచో, కొత్తగా రోగము సోకువారికంటె నయమగువారే ఎక్కువై వ్యాధి తనంతట తగ్గిపోవును. మారిషసు ద్వీపమున పరిశీలించి 1908లో సమర్పించిన నివేదికయందును, 1910లో వెలువరించిన గ్రంథమునందును ఈ లెక్కను విస్తరించెను. యౌవనమున వైద్యము మాని చదివిన గణితము వ్యర్థము కాలేదు. అంటువ్యాధుల వ్యాప్తిని లెక్కకట్టు శాస్త్రమునకు నేటికిని ఆయన ఒక మూలపురుషుడు.

1902లో ఆయనకు వైద్యమున నోబెలు బహుమానము లభించెను. ఆ బహుమానమందిన తొలి బ్రిటిషు ప్రజ ఆయనయే. 1911లో సర్ బిరుదము వచ్చెను. కాని బిరుదములు తిండి పెట్టవు. అమ్మకపువస్తువు కనిపెట్టినవాడు హక్కుపత్రము పొంది ధనికుడగును. రోగులను చూచు వైద్యుడు రుసుము పుచ్చుకొనును. లోకమంతకు ఉపకరించు సత్యమును కనుగొన్నవానికి మాత్రము తన కాలమును, వృత్తిని కోలుపోవుటయే మిగులునని ఆయన వాదము. మశూచికి టీకా కనుగొన్న జెన్నరుకు పార్లమెంటు 1802లో 10,000 పౌనులును, 1807లో 20,000 పౌనులును ఇచ్చినది. ఆ ఉదాహరణమును చూపి, మొదటి ప్రపంచయుద్ధమునకు కొలదిగా ముందు, ఆర్థికమంత్రి లాయిడ్ జార్జికి విజ్ఞాపన చేసికొనెను. నిరాకరింపబడెను. ఒక్కని విషయమైనచో అంతటితో ముగిసెడిది. 1913 నుండి తాను సంపాదకుడుగానున్న శాస్త్రపత్రికలో, పరిశోధకులకు జీతభత్యములు చాలవనియు, పరిశోధన ఫలించిన పిమ్మట రాజ్యము ప్రతిఫలమీయవలెననియు మరణపర్యంతము వ్రాయుచునే యుండెను.

ఆయనలో దోషములు లేకపోలేదు. కోపిష్ఠి. గ్రాసీతో కీర్తికై ఆయన సలిపిన కలహము ఇరువురకు గౌరవము తేలేదు. తన్ను మొదట చేయిపట్టి నడిపిన మాన్సనుతోను కడకు చెడెను. జెన్నరు పౌనులను లెక్కించిన ఆయన, హుస్సేన్ ఖాన్ అణాలనుగూడ ఒకమారు లెక్కించియుండవలసినది. జ్వరముతో నుండియు దోమల నోటికి చేయి చాచిన ఆ పేదవానికి ఆ అణాలకు మించి ముట్టినట్లు కానరాదు. అయినను రాసు తన ఋణమును దాచలేదు. ఆ పేరును ఆయన తన స్వీయచరిత్రమున పేర్కొనెను.

యుద్ధకాలమున సైన్యములకు మలేరియా విషయమున సలహాదారుగా పనిచేసెను. 1923లో స్వీయచరిత్రము వెలువడెను. 1926లో లండనులో ఆయన పేర పరిశోధనాలయమును వైద్యశాలయు తెరచిరి. మరుసటి సంవత్సరారంభమున కలకత్తాకు వచ్చి, తాను పనిచేసిన వైద్యశాల చెంత తన పేర నిలిపిన ద్వారమును చూచిపోయెను. ఆ సంవత్సరమే పక్షవాతము సోకెను. కుటుంబపోషణ చింతచే 1928లో తన ఉత్తరములు, పరిశోధనపత్రములు అన్నియు అమ్మకమునకు పెట్టెను. హ్యూస్టను అను ధనికురాలు 2,000 పౌనులిచ్చి కొని, బ్రిటిషు మ్యూజియమునకు ఈయబోగా వారు తీసికొనలేదు. 1931లో భార్య మరణించెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో రాసు కన్నుమూసెను.

ఆ కాగితములు నేడు లండనులోను, గ్లాస్గోలోను భద్రపరుపబడియున్నవి. బేగంపేటలో ఆయన పనిచేసిన కట్టడము ఉస్మానియా విశ్వవిద్యాలయము అధీనమున ఆయన పేరనే యున్నది. ఆగస్టు 20వ తేదీని లోకము దోమల దినముగా పాటించుచున్నది.